రెండో నాటుకు అనుమతి

ఏమప్పా, చదివే పెద్దమనిషీ, నెత్తిమీద నుంచి ఆ చెయ్యి కిందికి దించు. ఎన్ని మిగిలాయో తడుముకుంటున్నావని నాకు తెలుసు. అద్దంలో చూస్తే తగ్గినట్టు, తడిమితే ఉన్నట్టు అనిపించడం ఆ శాఖ లక్షణం. చెయ్యి ఖాళీ అయింది కదా, ఇక విను.

మనిషి నెత్తిమీద ఉండే ప్రతి వెంట్రుకా ప్రభుత్వోద్యోగే. ఇష్టమైనప్పుడు వస్తుంది, చెప్పకుండా పోతుంది, పోయినచోట ఖాళీని ఎవరూ భర్తీ చేయరు. ముందు వరసలో, జనానికి కనిపించేచోట ఉన్నవన్నీ తాత్కాలికం. వెనక మెడ దగ్గర, ఎవరి కంటా పడని మూల కూర్చున్నవి మాత్రం పర్మనెంటు. (మీ ఊళ్ళో ఏ ఆఫీసుకైనా వెళ్ళి చూడు, అమరిక ఇదే.) ఆ పర్మనెంటు వాటిని లేపి ముందుకు బదిలీ చేసే పద్ధతి ఒకటి, ఎనభయ్యో సంవత్సరం అటూ ఇటూగా, మద్రాసుకు వచ్చింది. డాక్టర్లు దానికి ఏదో పొడుగాటి పేరు పెట్టారు. తిరుపతిలో మాత్రం నాట్లు అన్నారు.

అప్పట్లో తిరుపతిలో మిగులు దస్త్రాల పరిశీలన కార్యాలయం అని ఒకటి ఉండేది. మీ దగ్గర మిగిలిపోయిన దస్త్రాలు పంపండని మిగతా ఆఫీసులకు ఉత్తరాలు రాయడం దాని పని. పంపితే, పెట్టుకోవడానికి చోటు లేదని ఇంకో ఉత్తరం రాయడం దాని మిగతా పని. అందులో శఠగోపం సీనియర్ గుమాస్తా. ముప్పై దాటీ దాటకముందే అతని నుదురు నడినెత్తి దాకా పెరిగింది. పెళ్ళి కాలేదు. ఈ కథకు ముందు ఏడాది ఎవరికీ చెప్పకుండా మద్రాసు బస్సెక్కి, తలపాగా అంత కట్టుతో దిగాడు.

వెనకనుంచి గుండ్రంగా తొలిచిన తోలు ముక్కలను వెంట్రుకలతో సహా తెచ్చి, ముందు గుంటలు తీసి పాతారు. కొన్ని నెలలకు జుట్టు వచ్చిన మాట నిజమే. కాకపోతే కుచ్చులు కుచ్చులుగా, కుచ్చుకూ కుచ్చుకూ మధ్య పొలం గట్టంత చోటు వదిలి వచ్చింది. పళ్ళు తోముకునే బ్రష్షులు వరసగా పాతినట్టు, ఎంత గాలికీ వంగేది కాదు. ఖాళీలు నింపడానికి రెండోసారి రమ్మన్నాడు డాక్టరు. వెనక సరుకు ఇంకొక్కసారికే ఉందనీ, అదీ తేడా కొడితే ముందూ వెనకా రెండూ పోతాయనీ నవ్వుతూనే చెప్పాడు.

ఇంతలో వడమాలపేట నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు రంగనాయకి, బడిపంతులమ్మ. పెళ్ళిమాటలకు పనికిరాని ఆడి నెల పోయి, ఆవణి నెల రాగానే వెళ్ళి చూడాలి. శఠగోపం తల్లి పెరుందేవికి నిద్ర కరువైంది.

"ఆ కుచ్చుల నెత్తితో నిన్ను యాడ కూచోబెట్టేదిరా నాయనా? మద్రాసుకు బోయి మిగిలింది గూడా నాటించుకోని రా."

శఠగోపం పోతాననలేదు, పోననలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో సొంతంగా నిర్ణయం తీసుకున్న అలవాటు అతనికి లేదు. (ఒక్కసారి తీసుకున్నది నెత్తిమీద కనిపిస్తూనే ఉంది.) అందుకని మేనమామను అడగడానికి వెళ్ళాడు.

మేనమామ సుదర్శనానికి ఆఫీసుల వీధిలో రబ్బరు స్టాంపుల అంగడి ఉంది. ఎనిమిదో తరగతిలో చదువుకు సెలవు పెట్టినవాడు మళ్ళీ విధుల్లో చేరలేదు. అక్షరాలు తిరగేసి చెక్కీ చెక్కీ ఆయన బుర్ర కూడా కొంచెం తిరగబడే ఉండేది. ఎవరినో ఒకరిని ఆటపట్టించకపోతే ఆ పూట అన్నం అరగదు. ఒకసారి ఒక ఆఫీసువాళ్ళు "పరిశీలించి పంపడమైనది" అని స్టాంపు చెక్కమంటే, "పరిశీలించి పారేయడమైనది" అని చెక్కి ఇచ్చాడు. రబ్బరు అరిగిపోయేదాకా వాడారు. ఒక్క ఫిర్యాదూ రాలేదు.

ఆయనకు ఇంకో గర్వం ఆయన జుట్టు. యాభై దాటినా నల్లగా, గుబురుగా, నూనె పెట్టకుండానే మెరిసే క్రాపు. అన్నీ చేసే మనిషి గుళ్ళో పూజారి శఠగోపం తెచ్చినప్పుడు మాత్రం ఒకడుగు వెనక్కి వేసి, దూరం నుంచే దణ్ణం పెట్టేవాడు. "మా ఇంట్లోనే ఒకడుండాడు సామీ, ఆ బరువు చాలు" అనేవాడు. పూజారి నవ్వి పక్కవాడి నెత్తిన పెట్టేవాడు.

"మామా, రెండోసారి పోదునా, వద్దా?" అని అడిగాడు మేనల్లుడు.

సుదర్శనం రబ్బరు మీద నుంచి తల ఎత్తలేదు. ఎత్తితే నవ్వొస్తుందని ఆయనకు తెలుసు.

"నిరభ్యంతరం తెచ్చుకున్నావా? అదే, అభ్యంతరం లేదనే కాగితం."

"దేనికి మామా?"

"దేనికా? ఎంటిక యెనకనుంచి ముందుకు పోయిందంటే బదిలీ అయినట్టు గదరా. ఉత్తర్వు లేకుండా బదిలీ అయితే మీ ఆఫీసులో ఏమంటారు?"

"అనధికార గైర్హాజరు అంటారు."

"ఆ. అందులోనూ ఇది తిరుపతి. ఈ ఎల్లలో నెత్తిమీద మొలిచిందంతా ఎవురిది? స్వామిది. నీకాడ ఉండేది ఊరికే దాచి పెట్టుకోను. రేపో మాపో కొండెక్కి అప్పజెప్పాల్సిందే. ఒకరి సొత్తు నువ్వు ఇష్టమొచ్చినట్టు ఈడది దీసి ఆడ పెడితే ఊరుకుంటారా?"

"మొదటిసారి ఎవురూ అడగలేదే."

"అందుకే గదా అట్ల మొలిసింది."

శఠగోపం చాలాసేపు మామ ముఖంలోకి చూసి, తెల్లకాగితం ఒకటి అడిగి తీసుకుని వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, సుదర్శనం భుజమ్మీద తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని నవ్వాడు.

దరఖాస్తు కార్యాలయ అధికారి బాలసుబ్రమణ్యం బల్లమీదికి వెళ్ళింది. ఆయన సత్యవేడు మనిషి, మహా జాగ్రత్తపరుడు. అలాంటి నిబంధన లేదని చెప్పవచ్చు. కానీ లేదనాలంటే ఉన్నవన్నీ చదివి ఉండాలి. ఉందనడానికి ఏమీ చదవక్కర్లేదు. "తగు చర్య నిమిత్తం" అని రాసి సంతకం పెట్టాడు.

తగు చర్య మొదలైంది. బదిలీ వెంట్రుక సొంత కోరిక మీద వెళుతున్నదా, పరిపాలన కారణాల మీదనా? సొంత కోరిక మీద అయితే సీనియారిటీ పోతుంది కనుక, దువ్వెన దాని దగ్గరికి అన్నిటికంటే ఆఖరున రావాలి. వెనక ఏర్పడే ఖాళీకి ఇన్‌చార్జి ఎవరు? మొదటి నాటు వెంట్రుకలకు ప్రొబేషను ముగిసిందా? ముగియకపోతే వాటి పక్కన కొత్తవాటిని ఎలా నియమిస్తారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి కేశాంతర సలహా సంఘం ఏర్పడింది. సభ్యులందరూ బట్టతలలే, పక్షపాతం ఉండకూడదని. వాళ్ళు శఠగోపాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, కుచ్చుల మధ్య స్కేలు పెట్టి కొలిచి, ఫ్యాను వేసి చూసి, "గాలికి చలించుట లేదు, విధులలో స్థిరముగా ఉన్నవి" అని రాశారు.

ప్రతి సాయంత్రం మేనల్లుడు అంగడికి వచ్చి, ముఖం వేలాడేసుకుని ఆనాటి సంగతులు చెప్పేవాడు. సుదర్శనం తుండుగుడ్డలు రెండు చిరిగాయి. "కేశ బదిలీ: పరిశీలనలో ఉన్నది" అనే స్టాంపు చెక్కమని ఆ ఆఫీసు నుంచి ఆయనకే ఆర్డరు వచ్చిన రోజు, ఆయన దుకాణం మూసి ఇంటికి వెళ్ళి భార్యకు కూడా చెప్పకుండా నవ్వుకున్నాడు. అంగడి పక్కనున్న మంగలి పెంచలయ్య కూడా, "బదిలీలో ఉండే తలకు కత్తెర పెట్టకూడదంట, మాకు నోటీసొచ్చింది" అని శఠగోపాన్ని వెనక్కి పంపాడు. ఆడి నెల సగమైంది.

"ఎప్పుడురా పోయేది?" అంది పెరుందేవి.

"అనుమతి రాలేదమ్మా."

"ఎవురియ్యాల?"

"పైనుంచి రావాల."

ఆమె కొండవైపు తిరిగి దణ్ణం పెట్టి ఊరుకుంది.

ఆడి నెలాఖరున సుదర్శనానికి ఇంకో స్టాంపు ఆర్డరు వచ్చింది. "పరాయి జుట్టు: నమోదైనది." దానితోపాటు ఒక సర్క్యులరు. సొంతంగా మొలవని జుట్టును ఏ రూపంలోనైనా నెత్తిమీద ఉంచుకున్న ఉద్యోగులూ, కార్యాలయానికి సరుకులు ఇచ్చేవాళ్ళూ, దాని అసలు యజమాని వివరాలతో కిటికీ దగ్గర నమోదు చేసుకోవాలి. చేసుకోనివారి సరుకు తీసుకోబడదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. (ఇంతవరకూ చెప్పకపోవడం మర్యాద కోసమే.) సుదర్శనం నెత్తిమీద ఉన్నది విగ్గు. మద్రాసులో కుట్టించుకున్నాడు, చాలా ఏళ్ళ కిందట. భార్యకు తెలుసు, ఆయనకు తెలుసు, అంతే. అది ఏ జుట్టో అంగడివాడు చెప్పనే చెప్పాడు: కొండమీద భక్తులిచ్చి, వేలంలో పోయి, మద్రాసు చేరిన జుట్టు.

సుదర్శనం మొదటిసారిగా నవ్వకుండా ఆఫీసుకు వెళ్ళాడు.

"సార్, ఆ నిరభ్యంతరం గిరభ్యంతరం ఏమీ లేదు సార్. మా వాణ్ణి ఊరికే ఏడిపిద్దామని నేను అల్లి చెప్పిన మాట అది. రద్దు చేసేయండి."

బాలసుబ్రమణ్యం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరి సరి. రద్దు చేస్తాం, దాంట్లో ఏముండాది. అసలు నిబంధన కాపీ ఒకటి ఇయ్యండి."

"అసలు నిబంధనే లేదంటుండా గదా సార్."

"అదేనండీ. ఉంటే దాన్ని రద్దు చేయొచ్చు. లేనిదాన్ని ఎట్ల రద్దు చేసేది? నాకా అధికారం లేదు."

ఆలోచిస్తే అందులో తప్పేమీ కనిపించలేదు. సుదర్శనం జుట్టు సర్దుకుని బయటికి వచ్చాడు.

ఆవణి వచ్చింది. వడమాలపేటలో పిల్లను చూడటానికి తల్లీ కొడుకూ మేనమామా వెళ్ళారు. శఠగోపం కుచ్చులతోనే వెళ్ళాడు. పెరుందేవి దారి పొడుగునా కొంగు కొడుకు నెత్తిమీద కప్పబోయి మానుకుంటూనే ఉంది. కాఫీలు అయ్యాక, రంగనాయకి తల ఎత్తి తిన్నగా అతని నుదుటి పైకే చూసింది. పెరుందేవి చెయ్యి మళ్ళీ కొంగు మీదికి పోయింది.

"నొప్పి పుట్టిందా అండీ?"

ఆ ప్రశ్న అంతవరకూ అతన్ని ఎవరూ అడగలేదు. డాక్టరు అడగలేదు, తల్లి అడగలేదు, సలహా సంఘం అడగలేదు.

"బాగా" అన్నాడు శఠగోపం.

"మళ్ళా పోతారంట?"

"అనుమతి రాలేదు."

"రాకపోతే మంచిదే. మా బళ్ళో పిల్లకాయలు పెట్టిన బెండ మొలకల మాదిరే ఉండాయి. వాటినీ నేను పీకనియ్యలేదు."

ఆ మాటకు ఆమె తండ్రి దగ్గు వచ్చినట్టు పక్కకు తిరిగాడు. కొంచెంసేపటికి తాంబూలాలు మార్చుకున్నారు.

తిరుగు బస్సులో తల్లి కునుకు తీస్తుంటే, సుదర్శనం మేనల్లుడి పక్కన చేరాడు.

"ఒరే, పని అయిపోయింది గదా. ఇంగ జెప్తా ఇను. ఆ రూలు నేను ఆటకు జెప్పింది. నువ్వు నమ్మి పెద్ద సంసారం జేసినావు. ఎట్లన్నా దాన్ని ఆపించు."

"తెలుసు మామా."

"ఏం తెలుసు?"

"నువ్వు ఆటకు జెప్పినావని. ఆ పొద్దే తెలుసు. మా ఆఫీసులో రూల్సు చదివేది నేనొక్కణ్ణే."

సుదర్శనం బస్సు కుదుపుకు ముందుకు వంగి మళ్ళీ వెనక్కి వాలాడు. "మరి ఆ ప్రశ్నలు? ప్రొబేషను? సీనియారిటీ?"

"నేనే రాస్తి. సారు సంతకం పెట్టె. మంగలాయన నోటీసు గూడా నేనే."

"ఎందుకురా?"

"మళ్ళా ఆ సూదులంటే నాకు భయం మామా. మొదటిసారే పానం పోయింది. భయమంటే అమ్మ ఇంటుందా? బస్సెక్కించేసి ఉండును. అనుమతి రాలేదంటే అందురూ ఇంటారు. నువ్వు ఆ మాట జెప్పినాక దోవ దొరికింది నాకు." శఠగోపం కిటికీలోంచి బయటికి చూస్తూ, ముఖంలో ఏమీ కదలకుండా అన్నాడు. "బాగా చెప్పినావు మామా. నీకు బుర్ర ఉండాది."

"సరే, నీది అయింది. ఆ పరాయి జుట్టు సర్క్యులరు ఎందుకు బెట్టినావురా నాయనా?"

"మద్రాసులో డాక్టరు గది పైన, కింద విగ్గుల అంగడి. గోడకు వాళ్ళు అమ్మిన విగ్గులు పెట్టుకున్నోళ్ళ ఫోటోలు కట్టినారు. మొదటి వరసలో నువ్వు నవ్వుతుండావు."

సుదర్శనం రెండు చేతులతో క్రాపు పట్టుకున్నవాడు బస్సు తిరుపతి చేరేదాకా వదల్లేదు.

ఆ తర్వాత సోమవారం ఆయన ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డాడు. నిలబడకపోతే స్టాంపుల ఆర్డర్లు పోతాయి. కిటికీ వెనక మేనల్లుడు, కుచ్చుల కింద గంభీరమైన ముఖంతో, కలం పట్టుకుని కూర్చున్నాడు. పక్కన సుదర్శనం తన చేత్తో చెక్కిన స్టాంపు సిద్ధంగా ఉంది.

"జుట్టు అసలు యజమాని ఎవురు?"

సుదర్శనం క్రాపు మీద చెయ్యి వేసుకున్నాడు. అబద్ధం చెబుదామంటే, సమాధానం తానే ఒకప్పుడు చెప్పి ఉన్నాడు.

"స్వామి" అన్నాడు మెల్లగా.

శఠగోపం రాసుకున్నాడు. కలం ఆపి తల ఎత్తాడు.

"ఆయన కాడినుంచి నిరభ్యంతరం తెచ్చుకున్నావా?"

ఆ రోజు నుంచి సుదర్శనం గుళ్ళో శఠగోపానికి వెనకడుగు వేయడం మానేశాడు. ఒకసారి పెట్టించుకున్న నెత్తికి రెండోది బరువు కాదు.