ముక్కుగారికి అప్పగించిన యాపిల్ బటర్

శనివారం ఉదయం ఎనిమిదింటికి ఆ ఇంట్లో వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కరెంటు మీద నిదానంగా ఉడికించే స్లో కుక్కర్‌లో యాపిల్ బటర్ చిక్కబడాలి, భార్య పనికి వెళ్ళి రావాలి, భర్త ఇంట్లో కూర్చుని వాసన చూడాలి. అంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందని మీరూ నేనూ అనుకుంటాం.

ఆ భర్త ఒక సబ్బుల ఫ్యాక్టరీలో పరిమళాల పరీక్షకుడు. ఏ సబ్బు ఏ వాసనతో బజారులోకి రావాలో ఇరవై ఏళ్ళుగా ఆయన ముక్కే తేలుస్తోంది. వాళ్ళు ఉండే మూడంతస్తుల భవనంలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఎదురుపడితే సార్ అంటారు, వెనక ముక్కుగారు అంటారు. ఆయనకి రెండూ ఇష్టమే. భార్య డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. కారులో ఎలా మాట్లాడుతుందో వంటింట్లోనూ అలాగే మాట్లాడుతుంది.

"ఇటు చూడండి. రాత్రంతా మగ్గింది, ఇప్పుడే మిక్సీలో మెత్తగా తిప్పి మళ్ళీ పోశాను. ఇక నీరు ఇగరాలి. మూత పూర్తిగా పెట్టకండి, ఆవిరి పోవడానికి చెక్క గరిటె అడ్డం పెట్టాను. ఈ నాబ్ 'లో' మీదే ఉండాలి, ముట్టుకోవద్దు. ముందు పండు వాసన వస్తుంది, తరవాత దాల్చినచెక్క. ఆఖర్న అంచుల దగ్గర పాకం వాసన తగుల్తుంది. తగిలిన నిమిషం ఆపెయ్యాలి. దాటిందో, నాలుగు కిలోల యాపిల్సూ బొగ్గే."

"ఎన్నింటికి ఆపాలో చెప్పరాదూ? అలారం పెట్టుకుంటాను."

"అంత ముక్కు పెట్టుకుని అలారం ఎందుకండీ!" అని నవ్వుతూ తాళాలు తీసుకుని ఆవిడ వెళ్ళిపోయింది.

పేరుకి బటరే గానీ అందులో వెన్న బొట్టు కూడా ఉండదు. యాపిల్ గుజ్జే వెన్నలాగా రొట్టెకి రాసుకునేంత చిక్కగా అవుతుంది. ఆ సంగతి అలా ఉంచితే, మనలో మాట, ఆ రోజు ఆ ఇంట్లో లేనివి రెండు. ఒకటి వెన్న. రెండోది ముక్కుగారి ముక్కు.

తొమ్మిది రోజుల కిందట ఆయనకి జలుబు చేసింది. జలుబు పోతూ పోతూ వాసనని కూడా వెంటబెట్టుకు పోయింది. వెల్లుల్లి నలిపి చూశాడు, ఉల్లిపాయ కోసి చూశాడు, ఆఖరికి తన సాక్సే ముక్కుకి ఆనించుకుని చూశాడు. ఊహూ. డాక్టరు "వస్తుంది, ఎప్పుడొస్తుందో చెప్పలేను" అన్నాడు. ఇది బయటపడితే కొంప కొల్లేరే. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ముక్కు మొద్దుబారిన నెలకే ప్యాకింగ్ సెక్షన్‌కి వెళ్ళాడు, ఇప్పటికీ అట్టపెట్టెలకి టేపు అంటిస్తున్నాడు. అందుకే ముక్కుగారు ఫ్యాక్టరీలో "ప్రశాంతంగా ఇంట్లో పరీక్షిస్తాను" అని కొత్త సబ్బు పరిమళాల సీసాలు మూడు తెచ్చుకుని భోజనాల బల్ల మీద వరసగా పెట్టాడు. మూడింట్లో ఏది ఖాయమో అడగడానికి మధ్యాహ్నం డైరెక్టరు స్వయంగా వస్తాడు. చీటీలు వేసి తేల్చేద్దామని ముక్కుగారి ఆలోచన. ఇంట్లో కూడా ఏమీ చెప్పలేదు. పెట్టిందల్లా తిని "బ్రహ్మాండం" అంటూ నెట్టుకొస్తున్నాడు.

చీటీలతో సబ్బుని గట్టెక్కించవచ్చు. కానీ పాకం వాసనకి చీటీలు ఎలా వేస్తాడు?

పదింటికి మూత తీసి ఆవిరిలో ముఖం పెట్టాడు. వేడి తెలిసింది. చెంచాతో నాలిక మీద వేసుకున్నాడు. తీపి తెలిసింది, అంతకుమించి గోడకున్న సున్నం నాకినట్టే ఉంది. రంగు చూశాడు. గోధుమ రంగే. అయితే ఎంత గోధుమ రంగు వస్తే చాలో ఆవిడ చెప్పలేదు. ఇక ఇంకొకరి ముక్కు అరువు తెచ్చుకోవడం తప్ప దారి లేదని తేల్చుకుని, పై అంతస్తులో ఉండే పిన్నిగారిని కేకేశాడు. ఆవిడ ఎవరికి పిన్నో ఎవరికీ తెలీదు. అందరికీ పిన్నిగారే.

"పిన్నిగారూ, ఈ సీసా మూత ఎంతకీ రావట్లేదండీ. ఒక్కసారి చూస్తారా?"

ఆవిడ ఒక్క తిప్పుతో మూత తీసి చేతిలో పెట్టింది. తరవాత కుక్కర్‌కి రెండడుగుల దూరంలో నిలబడి నీళ్ళ మోటారు గురించీ, మెట్ల మీద లైటు గురించీ పావుగంట మాట్లాడింది. కుక్కర్ గురించి మాత్రం పెదవి విప్పలేదు. ఎదుటివాళ్ళ పొయ్యి మీద ఉన్నదాని గురించి మాట్లాడితే కాస్త పెట్టమని అడిగినట్టే ఉంటుందని ఆవిడ పట్టుదల. ముక్కుగారికి ఓపిక అయిపోయింది.

"పిన్నిగారూ, మీకేమైనా వాసన వస్తోందా?"

ఆవిడ ముఖంలో రంగు మారింది. "మీరు నన్ను అడుగుతున్నారా బాబూ?"

"ఊరికే అడిగానండీ."

"వాసనల్లో పండిపోయినవారు, ఊరికే ఎందుకడుగుతారు? నాకు తెలీనిదేదో మీకు తెలిసింది! గ్యాసా?"

"గ్యాసు కాదండీ..."

"దాచకండి బాబూ! బాబోయ్, గ్యాస్ లీకవుతోంది!" అంటూ ఆవిడ మెట్ల మీదికి పరిగెత్తింది. మోకాళ్ళ నొప్పులని రోజూ చెప్పే మనిషి రెండు నిమిషాల్లో పన్నెండు ఇళ్ళ తలుపులూ తట్టేసింది.

వాచ్‌మన్ కరెంటు మెయిన్ ఆపేశాడు. జనం కింద చేరారు. ఒకావిడ తలకి పెట్టుకున్న రంగు కారుతుండగా వచ్చింది, ఒకాయన సగం గెడ్డంతో వచ్చాడు. ఇప్పుడు అందరికీ వాసన వేస్తోంది. ఒకరికి మెట్ల దగ్గర, ఒకరికి లిఫ్టు దగ్గర. ముక్కుగారు చేతులెత్తి "లీకేమీ లేదండీ, నన్ను నమ్మండి. కరెంటు వేసెయ్యండి" అని మొత్తుకున్నాడు.

"లీకు లేదని మీకెలా తెలుసు సార్?" అన్నాడు వాచ్‌మన్.

"నాకు ఏ వాసనా రావట్లేదయ్యా!" అన్నాడు ముక్కుగారు. తొమ్మిది రోజుల్లో ఆయన చెప్పిన మొదటి నిజం అదే.

వాచ్‌మన్ తృప్తిగా కరెంటు వేశాడు. సగం గెడ్డం ఆయన మాత్రం వదల్లేదు. "మీ ఇంట్లో లేదు, సరే. మా ఇళ్ళ సంగతేంటి? ఒక్కసారి వచ్చి పీల్చి వెళ్ళండి సార్. మీకది చిటికెలో పని."

కాదంటే అనుమానం వస్తుంది. ముక్కుగారు ఒక్క ఉదుటున ఇంట్లోకి వెళ్ళి, కరెంటు లేక ముప్పావుగంట పోయింది కదా అని లెక్క వేసి, దాన్ని పూడ్చడానికి నాబ్ 'హై' మీదికి తిప్పాడు. చిటికెలో వచ్చేస్తాగా అనుకున్నాడు.

ఆ చిటికె రెండు గంటలు పట్టింది. గ్యాసు పొయ్యి చూపించిన ప్రతి ఇల్లాలూ "ఎలాగూ వచ్చారు కదా" అని ఇంకొకటి చూపించింది. ఒకరు సింకు చూడమన్నారు, ఒకరు పరుపు చూడమన్నారు. ఒకావిడ భర్తని ముందుకి తోసి "నిన్న ఈయన తాగారో లేదో చెప్పండి" అంది. ముక్కుగారు వంగి, కళ్ళు మూసుకుని "లేదమ్మా" అనగానే ఆ భర్త ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రెండో అంతస్తులో ఒకరు గిన్నెలో పాలు పట్టుకొచ్చి విరిగాయేమో అని అడిగారు. తాజాగా ఉన్నాయన్నాడు. ఆ మాట ఎంత నిజమో ఆ కుటుంబానికి సాయంత్రం తెలిసింది.

మూడో అంతస్తులో ఫుట్‌బాల్ కోచ్ బూట్ల బీరువా తెరిస్తే వెంట ఉన్నవాళ్ళంతా నాలుగడుగులు వెనక్కి వేశారు. ముక్కుగారు తల లోపల పెట్టి గుండెల నిండా పీల్చి, నింపాదిగా బయటికి తీసి "ఇక్కడేమీ లేదు" అన్నాడు.

"అబ్బ, ఎంత నిగ్రహమో!" అంది పిన్నిగారు.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు వచ్చాడు. చీటీలు ఇంకా వెయ్యనేలేదు. ముక్కుగారు తడబడుతూ ఆయన్ని ఇంటికి తీసుకువచ్చి, లోపల కుర్చీ వేశాడు. డైరెక్టరు గుమ్మంలోనే ఆగి గట్టిగా ఊపిరి పీల్చి, ముక్కుగారి ముఖంలోకి ఒకసారి చూసి, చిరునవ్వు నవ్వాడు.

"ఆహా, ఏం పరిమళమండీ! ఒకటో నంబరా, మూడో నంబరా?"

ముక్కుగారి ప్రాణం లేచివచ్చింది. డైరెక్టరంతటివాడు ఆహా అన్నాడంటే యాపిల్ బటర్ దివ్యంగా ఉన్నట్టేగా! "సబ్బు కాదండీ, మా ఆవిడ చేస్తున్న యాపిల్ బటర్."

"అద్భుతం! ఇలాంటి వాసన మన సబ్బుకి ఉంటేనా!"

ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని వాసన గొప్పతనం గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నారు. అప్పుడు పిన్నిగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దగ్గుతూ వచ్చింది.

"ఏమిటి బాబూ ఈ ఘోరం! మాడి మసైపోయింది, పైదాకా కంపు! ఇద్దరూ లోపల ఎలా కూర్చున్నారు?" అంటూ వంటింట్లోకి దూసుకెళ్ళి స్విచ్ ఆపి, కిటికీలన్నీ బార్లా తెరిచింది.

బల్ల దగ్గర ఇద్దరు మగాళ్ళూ ఒకరి ముక్కు ఒకరు చూసుకున్నారు.

"మీకు..." అన్నాడు డైరెక్టరు.

"తొమ్మిది రోజులైంది సార్. మరి మీకు?"

"పదకొండేళ్ళు," అన్నాడు డైరెక్టరు గొంతు తగ్గించి.

"మరి ఇన్నాళ్ళూ ఇది ఘాటు, అది సున్నితం అంటూ..."

"మీ ఎడమ కనుబొమ్మ చూసి చెప్పేవాణ్ణి. అది కాస్త లేస్తే సబ్బు పాసయినట్టే."

ముక్కుగారు తల పట్టుకున్నాడు. "అయితే నేను ప్యాకింగ్‌కేనా సార్?"

"ఎలా పంపిస్తానండీ? మీ ముక్కు పోయిందని నాకెలా తెలిసిందని పైవాళ్ళు అడిగితే, మాడు కంపులో మీతో పాటు నేనూ కూర్చున్నానని చెప్పాలి. అప్పుడు ఇద్దరం కలిసి టేపు అంటించుకోవాలి," అని డైరెక్టరు వంటింటివైపు తిరిగాడు. "అమ్మా, కాస్త ఈ మూడు సీసాలూ వాసన చూసి పెడతారా?"

పిన్నిగారు చూసింది. "మొదటిది ఆసుపత్రి. మూడోది పెళ్ళివారి బస్సు. రెండోది బావుంది." డైరెక్టరు కాగితం మీద రెండు అని రాసి, సంతకం పెట్టి, బయల్దేరాడు. ముక్కుగారికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఉద్యోగం నిలబడింది!

డైరెక్టరు అటు, భార్య ఇటు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, నల్లగా మాడి కరుచుకుపోయిన గిన్నె చూసింది. ఇక దాచి లాభం లేదని ముక్కుగారు అంతా చెప్పేశాడు. యాపిల్స్ కోసం తిడుతుందని ఎదురుచూశాడు. ఆవిడ తిట్టలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"తొమ్మిది రోజులంటే... సోమవారం సూపు బ్రహ్మాండం అన్నారు?"

"ఊఁ."

"బుధవారం కూర? నిన్నటి కేకు?"

ముక్కుగారు రెండింటికీ తల ఊపాడు.

"పదహారేళ్ళ కాపురమండీ. ఇంగువ వాసన తగ్గిందంటారు, మిరియాలు పాతబడ్డాయంటారు. మీరు వంక పెట్టకుండా తిన్నది ఈ తొమ్మిది రోజులే. ఇన్నాళ్ళకి నాకు చెయ్యి తిరిగిందనుకున్నాను. ఆ ధైర్యంతోనే కదా నాలుగు కిలోల యాపిల్స్ కోశాను!" అంది ఆవిడ.

ముక్కుగారికి సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. మాటాడకుండా చెంచా తీసుకుని, గిన్నె మధ్యలో మాడకుండా మిగిలిన గుజ్జుని గీరి, రెండు రొట్టెముక్కలకి రాసుకుని, ఆవిడ ఎదురుగా నిలబడి ఆఖరి తునకదాకా తిన్నాడు. ఆవిడ చూసి చూసి, నవ్వు ఆపుకోలేక కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మూడో వారంలో ఒక ఉదయం ఆయనకి వాసన తిరిగి వచ్చింది. డైరెక్టరుకి ఆ రోజే చెప్పాడు. ఇంట్లో మాత్రం ఇంతవరకూ చెప్పలేదు, ఏ కూరకీ వంక పెట్టలేదు.