పద్నాలుగో నిబంధన ప్రకారం నిద్ర

ప్రజలు సరిగా నిద్రపోవడం లేదని గుర్తించి, మన ఎమిరేట్‌లోని ఒక ప్రాంతీయ విశ్వవిద్యాలయం నలభై ఆరు పేజీల నిద్రా విధానాన్ని ప్రకటించింది. దానికోసం తొమ్మిదిమంది సభ్యుల సంఘం నాలుగు నెలలు నిద్ర మానుకుని పనిచేసింది. అందరికంటే ఎక్కువ మానుకున్నవారు ఆరోగ్య పరిశోధన విభాగంలోని డాక్టర్ శాంతిప్రియ గారు.

పద్నాలుగో నిబంధన స్వయంగా వారి కలం నుంచి వచ్చింది. "పరిశోధనలో పాల్గొని నిద్రించుచున్న వ్యక్తిని ఎట్టి పరిస్థితిలోనూ ఎవరూ లేపరాదు. సదరు వ్యక్తి తనంతట తానే మేల్కొనవలెను. లేపినచో ప్రాజెక్టు రద్దు." ఇది చదువుతున్నప్పుడు డీన్ గారు కళ్ళు తుడుచుకున్నారు.

ఈ విధానం కింద మొదటి పరిశోధనాంశం, ఇళ్ళలో పనిచేసే స్త్రీల నిద్ర. అలాంటి స్త్రీలు ఎక్కడ దొరుకుతారా అని శాంతిప్రియ గారు మూడు వారాలు వెతికారు. సహోద్యోగులు సమస్యకు పూర్తి సానుభూతి తెలిపారు గాని తమ ఇంటి మనుషుల్ని పంపలేదు. నాలుగో వారం, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని సొంత ఇంట్లో పొద్దున్నే కాఫీ అందుకుంటూ ఉండగా కప్పు పట్టుకున్న చెయ్యి కనబడింది. అయిదేళ్ళుగా అక్కడే ఉన్న ఆ చెయ్యి అమలాపురం పేరమ్మది.

"పడుకోడానిక్కూడా సంతకం పెట్టాలాండీ?" అంది పేరమ్మ.

"సైన్సు పేరమ్మా. మూడుసార్లు పడుకోవాలి."

అమ్మగారు మనసు మార్చుకుంటారేమోనని పేరమ్మ గబగబా మూడుచోట్లా సంతకం పెట్టేసింది. సొంత ఇంటి మనిషంటే పక్షపాతం రాదా అని నైతిక సంఘం అడిగింది. ఆమెను 'ఒకటో నంబరు' అని పిలవాలని తీర్మానించగానే పక్షపాతం తొలగిపోయింది.

బుధవారం సాయంత్రం ఎనిమిదింటికి ఒకటో నంబరు ప్రయోగశాలలో పడుకుంది. గురువారం ఒంటిగంటకు రెండో దశ మంజూరు చేసే నిపుణుల బృందం శాంతిప్రియ గారింటికి భోజనానికి వస్తోంది. గుత్తివంకాయ, పులిహోర, చేపల పులుసు. ఆరింటికి లేస్తే ఏడింటికల్లా పొయ్యి ముందుంటుందని లెక్క.

ఎనిమిదైంది. తొమ్మిదైంది. పిల్లలు అప్పటికే ఉత్త బ్రెడ్డు పట్టుకుని బడికి వెళ్ళారు. పదకొండింటికి శాంతిప్రియ గారు అద్దం ఇవతల నిలబడి ఉన్నారు. పక్కన టెక్నీషియన్, నెల్లూరి రమీజ్.

"రమీజ్, ఆ కుర్చీ కొంచెం జరుపు."

"జరిపినా మేడమ్. అటు తిరిగి పడుకునింది."

"ఒక్కసారి దగ్గు."

"దగ్గితే లేపినట్టే గదా మేడమ్. పద్నాలుగు మీరు రాసిందే గదా."

"పోనీ ఏసీ ఆపెయ్."

"ఆపినా. దుప్పటి తన్నేసి ఇంకా హాయిగా పడుకునింది."

శాంతిప్రియ గారి చేతిలోంచి స్టీలు ట్రే పొరపాటున జారింది. రెండోసారీ పొరపాటున జారింది. "వస్తన్నానండీ అమ్మగారూ" అంది పేరమ్మ, కళ్ళు తెరవకుండానే. రాలేదు. యంత్రం గాఢనిద్ర అని చూపింది. నిద్రలో సైతం విధేయత కనబడడం ఈ రంగంలో కొత్త అంశమని రమీజ్ చేత రాయించారు.

ఇంతలో ఇంటినుంచి భర్త దక్షిణామూర్తి గారి ఫోను. "చింతపండు ఏ డబ్బాలో ఉంటుంది?"

"ఒకటో నంబరుకే తెలుసండీ" అన్నారు శాంతిప్రియ గారు నీరసంగా.

నిపుణులు హోటల్ బిర్యానీ తిన్నారు. ఇంట్లో విందు వదులుకుని ఒక పనిమనిషి నిద్రకు కాపలా కాస్తున్న శాస్త్రవేత్తను తామెక్కడా చూడలేదని అక్కడికక్కడే రెండో దశ మంజూరు చేశారు.

మూడింటికి పేరమ్మ కదిలింది. "ఎంతైందండీ?"

"మూడు!"

"నేను లేచేది నాలుగున్నరకి గదండీ, ఇంకా గంటన్నరుంది" అని మళ్ళీ అటు తిరగబోయింది. కాని సహజంగా మేలుకున్నట్టు యంత్రం నమోదు చేసేసింది. పద్నాలుగు ఇక వర్తించదు.

"యల్లా, పద పేరమ్మా! గిన్నెలన్నీ సింకులో ఉన్నాయి."

"మరి మిగతా రెండుసార్లు ఎప్పుడండీ?"

"ఖలాస్. సాంపిల్ సరిపోయింది."

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. ఇంట్లో అయిదు గంటలు, ప్రయోగశాలలో పంతొమ్మిది, సగటు పన్నెండు. ఆచార్యుల నిద్ర సగటు ఎనిమిదే. ఫలితాలు పాల్గొన్నవారికి చెప్పి తీరాలని విధానం కాబట్టి, అంట్లు తోముతుండగా పేరమ్మకు చదివి వినిపించారు.

"పన్నెండు గంటలా? నేనేనాండీ?"

"సగటున, పేరమ్మా."

"ఆ సగటెవరో గాని అదృష్టవంతురాలండీ."

ఇంటిపనివారిలో అతినిద్ర ప్రమాదకర స్థాయిలో ఉన్నందున వారిని రోజూ అరగంట ముందుగా లేపడం ఆరోగ్యకరమని నివేదిక చివర సిఫారసు చేసింది. విశ్వవిద్యాలయం దాన్ని ఇంకా ఆమోదించలేదు. మన ఇళ్ళలో మాత్రం ఆమోదం కోసం ఎవరూ ఆగలేదు.