గురువారం అమ్మ వస్తోంది

ఆ మంగళవారం ఉదయం ఫింటన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. క్లాసులో బోర్డు మీద ఒక్క వాక్యం రాయాలి, బూ ధారి చేత ఒక్క ముక్కయినా ఇంగ్లీషులో పలికించాలి, మధ్యాహ్నానికి సాల్మియాలోని తన ఫ్లాటుకు చేరి కాసేపు పడుకోవాలి.

ఫింటన్‌ది ఐర్లండు. కువైట్‌లో ఒక ప్రభుత్వ శాఖ ఉద్యోగులకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చి రెండేళ్లు దాటింది. అంతకు ముందు సొంత ఊళ్ళోనే బడిపంతులు. ఆ బడి బస్సు నడిపేది అతని తల్లి నూలా. పిల్లల్ని బడికి చేర్చేలోపు ఆవిడ, ఈ మాస్టారు ఎన్నేళ్ళు వచ్చేదాకా పక్క తడిపాడో, చీకటంటే ఎందుకు భయమో, ఎవరమ్మాయికి ఉత్తరం రాసి చీవాట్లు తిన్నాడో అన్నీ చెప్పేసేది. అతను క్లాసులోకి అడుగుపెట్టేసరికి పిల్లలు ముందే నవ్వుతూ ఉండేవారు. తల్లి మీద ప్రేమ లేక కాదు, ఆ ప్రేమకు కాస్త దూరం ఉంటే బాగుంటుందని ఎడారి దాకా వచ్చాడు.

ఇక్కడ నవ్వేవాళ్ళు లేరు గాని, మాట్లాడేవాళ్ళూ లేరు. అందరిలోకీ పెద్దవాడు బూ ధారి. సెక్షను అధికారి, నిండైన మనిషి, వెనక వరసలో గోడకు ఆనుకుని, చేతిలో జపమాల తిప్పుకుంటూ, శీతాకాలమంతా ఒక్క మాట మాట్లాడకుండా గడిపాడు. ఆయన నోరు విప్పకపోతే మిగతావాళ్ళు మర్యాదకైనా విప్పరు. వచ్చే నెలలో మౌఖిక పరీక్ష. అందులో ఎవరూ పలకకపోతే ఈ క్లాసు ఎత్తేస్తామని డైరెక్టరు చాలా నెమ్మదిగా, ఖర్జూరాలు తినిపిస్తూ చెప్పాడు.

ఆనాటి పాఠం, ఖాయమైన పనుల గురించి మాట్లాడటం. మనం 'వస్తుంది' అనడానికీ 'వస్తోంది' అనడానికీ ఉన్న తేడాలాంటిదే. మొదటిది ఊహ కావచ్చు, రెండోది మాత్రం టిక్కెట్టు కొన్నాక అనే మాట అని ఫింటన్ గట్టిగా చెప్పాడు. ఉదాహరణకు తోచింది రాశాడు: మా అమ్మ గురువారం వస్తోంది.

జపమాల ఆగింది. బూ ధారి ముందుకు వంగాడు.

"ఎన్ని గంటలకి?" అన్నాడు, ఇంగ్లీషులో.

ఫింటన్‌కు కళ్ళు చెమర్చినంత పనయింది. ఆయన మాట్లాడిన మొదటి ఇంగ్లీషు వాక్యం అది. అభ్యాసం ఆగిపోకూడదని, రాత్రి ఎనిమిదికి దిగుతోందని జవాబిచ్చాడు. ఒంటరిగా వస్తోందా అని పక్కనున్న మిషారీ అడిగాడు. అవును, ఒంటరిగా వస్తోంది. చేప తింటుందా అని ఇంకొకరు. తింటుంది, చాలా ఇష్టం. ఎప్పుడూ కునుకు తీసే ఆఖరి బెంచీవాడు కూడా, ఆవిడకు మోకాళ్ళ నొప్పులున్నాయా అని తప్పు లేకుండా అడిగాడు. ఇంత చక్కని క్లాసు తన జన్మలో చెప్పలేదనుకుంటూ ఫింటన్ ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాడు.

బుధవారం సాయంత్రం ఇద్దరు మనుషులు ఫ్లాటు తలుపు తట్టి, తలవైపు నగిషీ చెక్కిన పెద్ద మంచం ఒకటి లోపలికి తెచ్చి బిగించి వెళ్ళారు. ఇంటి యజమాని పంపించాడేమో, అద్దె పెంచుతాడు కాబోలు అనుకున్నాడు ఫింటన్. గురువారం పొద్దున ధూపం వేసే పళ్ళెం, అగరు చెక్క, మోకాళ్ళకు రాసే తైలం వచ్చాయి. తైలం సీసా చేతిలో పట్టుకుని నిలబడ్డాక గాని అతనికి విషయం ఎక్కలేదు.

వెంటనే మిషారీకి ఫోను చేశాడు. క్లాసులో కాస్త బాగా ఇంగ్లీషు వచ్చినవాడు అతనే. మా అమ్మ ఉత్త ఉదాహరణ, అంతే, అని చెప్పాడు. ఇంగ్లీషులో ఉదాహరణకీ ఆదర్శానికీ ఒకటే మాట కావడం ఫింటన్ దురదృష్టం.

"నిజమే ఉస్తాద్, తల్లిని మించిన ఆదర్శం ఎవరుంటారు చెప్పండి," అన్నాడు మిషారీ. "మీరేం కంగారు పడకండి. నేను చేపల బజారులో ఉన్నాను. జుబైదీ చేప మంచిది దొరికింది. బూ ధారి గారి భార్య, ఉమ్ ధారి పిన్ని, వాళ్ళ అక్కచెల్లెళ్ళందర్నీ ఇంటికి పిలిచింది. విమానం దిగగానే నేరుగా అక్కడికే తీసుకెళ్దాం."

ఇక లాభం లేదని ఫింటన్ టాక్సీ ఎక్కి బూ ధారి ఇంటికి వెళ్ళాడు. మగవాళ్ళు కూర్చునే దివానియాలో అప్పటికే నలభై మంది దాకా ఉన్నారు. అతన్ని చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. చేతిలో కాఫీ గిన్నె పెట్టారు. మిషారీ ఇంకా రాలేదు. నిజం చెప్పాలంటే అరబ్బీలోనే చెప్పాలి గాని, ఫింటన్‌కు వచ్చిన అరబ్బీ కిరాణా దుకాణంలో నేర్చుకున్నది. అక్కడ పాలు లేకపోతే 'మాఫీ' అంటారు, రొట్టె లేకపోతే మాఫీ, చిల్లర లేకపోయినా మాఫీ.

"ఉమ్మీ..." అన్నాడు ఫింటన్, గొంతు సవరించుకుని. అంటే, మా అమ్మ. "ఉమ్మీ మాఫీ."

మా అమ్మ లేదు.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సిగ్గుతో ఫింటన్ తల దించుకున్నాడు, దాంతో మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. బూ ధారి అతన్ని పొదివి పట్టుకుని, భుజం మీద ముద్దు పెట్టి, దేవుడిచ్చాడు దేవుడే తీసుకున్నాడని పలికాడు. ఒకరి వెనక ఒకరు వరసకట్టి చేయి పట్టుకున్నారు. లోపల ఆడవాళ్ళ గదిలో ఏడుపు మొదలైంది. ఎవరో డైరెక్టరుకు ఫోను చేశారు. ఆయన సగం దారిలో ఉన్నానన్నాడు, సెలవు మంజూరైపోయిందనీ అన్నాడు. ఫింటన్ 'మాఫీ' అన్నప్పుడల్లా వాళ్ళు మరింత గట్టిగా హత్తుకున్నారు. వాళ్ళు నిజంగా ఏడుస్తున్నారు. వాళ్ళను చూసి, ఎందుకో తెలియకుండానే, అతనికీ ఏడుపొచ్చింది.

ఇక దారి లేక, ఫోను తీసి తల్లికి వీడియో కాల్ చేశాడు.

నూలా తన పెరట్లో, చేతిలో నీళ్ళ గొట్టంతో బస్సు కడుగుతోంది. ఆవిడ ఫోను తెర నిండా తెల్లటి దుస్తుల్లో గడ్డాల మగవాళ్ళు, మధ్యలో ముక్కు ఎర్రబడ్డ కొడుకు.

"ఒరేయ్ ఫింటన్, ఏం చేశావురా?" అంది ఆవిడ.

బూ ధారి ఫోను తన చేతిలోకి తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "అమ్మా," అన్నాడు నెమ్మదిగా, ఒక్కొక్క ఇంగ్లీషు మాటా ఏరుకుంటూ, "మీరు బతికే ఉన్నారు."

"బతికే ఉన్నాను నాయనా. నువ్వెవరు?"

ఆ సమయానికి మిషారీ చేపల బుట్టతో వచ్చి పడ్డాడు. అప్పుడు ఫింటన్ మొదటినుంచీ చెప్పాడు, అతను తర్జుమా చేశాడు. తర్వాత బూ ధారి నవ్వడం మొదలుపెట్టాడు, ఆ నవ్వు గోడవారగా పాకి ఆడవాళ్ళ గదిలోకీ వెళ్ళింది. డైరెక్టరు విషాద వదనంతో లోపలికి వచ్చి, నవ్వుతున్న శోకసభను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

నవ్వు తగ్గాక బూ ధారి మళ్ళీ ఫోను వైపు తిరిగాడు. అన్నం ఉడికింది, చేప వచ్చింది, మంచం వేశాం, మీరెందుకు రావడం లేదని అడిగాడు.

"రమ్మని వాడు ఒక్కసారైనా అడిగితే కదా," అంది నూలా.

ఆ మాట తర్జుమా చేయనక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది. నలభై మంది తలలు ఫింటన్ వైపు తిరిగాయి. అతను దూరంగా వచ్చిన కారణం అక్కడ ఎవరికీ చెప్పుకోలేడు. చెప్పాలనుకున్నా, ఆ క్షణంలో అది తనకే సరిగ్గా గుర్తు రాలేదు.

"రా అమ్మా," అన్నాడు.

పై వారం ఆవిడ వచ్చింది. బూ ధారి ఇంటిల్లిపాదీ విమానాశ్రయానికి వెళ్ళారు. ఒంటరి మగాడి ఫ్లాటులో అతిథి ఉండటమేమిటని ఉమ్ ధారి ఆవిడను తన ఇంటికే తీసుకుపోయింది. పెద్ద మంచం మీద ఫింటనే పడుకున్నాడు. మూడో రోజుకల్లా నూలా, ఉమ్ ధారి అక్కచెల్లెళ్ళందర్నీ వాళ్ళ పెద్ద వ్యానులో ఎక్కించుకుని ఎడారిలో వేసిన గుడారాల దగ్గరికి తనే నడుపుకుంటూ వెళ్ళింది. దారి పొడవునా ఆడవాళ్ళు ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు, ఆవిడ చెబుతూనే ఉంది. వాళ్ళకు ఇంగ్లీషు రావడం మొదలైంది. ఉమ్ ధారి ఇంట్లో భర్తను ఇంగ్లీషులోనే తిట్టడం మొదలుపెట్టింది. జవాబు చెప్పుకోవాల్సిన అవసరం వచ్చిపడి, బూ ధారి మౌఖిక పరీక్షలో పావుగంట ఆగకుండా మాట్లాడాడు. డైరెక్టరు క్లాసును మరో రెండేళ్ళు పొడిగించాడు.

పరీక్ష ముగిసిన మర్నాడు ఫింటన్ క్లాసులోకి అడుగుపెట్టేసరికి అందరూ ముందే నవ్వుతూ ఉన్నారు. పక్క తడిపిన సంగతి దాకా వచ్చేసిందని ఫింటన్‌కు అర్థమైంది. కోపం రావాలి గాని రాలేదు. అక్కడ తల్లిని పెద్దకొడుకు పేరుతో పిలవడం ఆనవాయితీ, అందుకని నూలా ఊరందరికీ ఉమ్ ఫింటన్ అయింది, అంటే ఫింటన్ వాళ్ళమ్మ.

ఫింటన్‌ను మాత్రం ఇప్పుడెవరూ పేరుతో పిలవడం లేదు. ఫింటన్ వాళ్ళమ్మ గారి అబ్బాయి అంటున్నారు.