కాత్యాయని నాలుక పుట్టిన తేదీ

విశాఖపట్నంలో పెళ్లైన ఆడవాళ్ల నాలుకలు భర్తల పేరు మీదే నమోదై ఉంటాయి కాబట్టి, యాభై నాలుగేళ్ల కాత్యాయని నాలుక ఒక గురువారం మధ్యాహ్నం ఒంటి గంట నలభైకి థాయ్ బొప్పాయి సలాడ్‌ని సొంతంగా రుచి చూసినప్పుడు, ఆ సంగతి వారంలోగా రుచుల నమోదు కార్యాలయానికి తెలియజేయాల్సి వచ్చింది.

కాత్యాయని బాలికల హైస్కూల్లో లెక్కల టీచరు. డ్రిల్లు టీచరు గ్రేస్ కుమారి రిటైరవుతూ స్టాఫందరినీ బీచ్ రోడ్డులో కొత్తగా తెరిచిన థాయ్ హోటలుకి తీసుకెళ్లింది. అక్కడ పచ్చి బొప్పాయిని సన్నగా తరిగి, పండుమిర్చి, నిమ్మరసం, తాటిబెల్లం, వేరుశనగ గుళ్లు, ఎండు రొయ్యలు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచి పెట్టారు. మొదటి ముద్దకే కాత్యాయని చెవులు వేడెక్కాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకాస్త వెయ్యమని తనే అడిగింది. ఇన్నేళ్ల స్నేహంలో ఆవిడ దేన్నైనా రెండోసారి అడగడం చూడలేదని గ్రేస్ కుమారి తర్వాత కార్యాలయంలో వాంగ్మూలం ఇచ్చింది.

మామూలుగా అలా జరగదు. భర్త పేరు మీదున్న నాలుకకి భర్తకు తెలిసిన రుచే తెలుస్తుంది. భర్త జోగారావుకి అల్సరొచ్చి కారం మానేస్తే, మరుసటి నెల ఒకటో తారీఖు నుంచి కాత్యాయనికీ కారం తెలియడం మానేసింది. ఆయన బీపీకి ఉప్పు తగ్గిస్తే ఆవిడ నాలుక మీదా ఉప్పు సగమైంది. ఏర్పాటు సాఫీగానే నడుస్తోంది, ఎవరూ ఫిర్యాదు చేసింది లేదు. చేయాలన్నా ఏం పోయిందో తెలియాలి కదా.

జోగారావు చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పేయాలి. ఓ షిప్పింగు ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. ఆయన అన్నగారు యాభై ఒకటో ఏట, చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం ఉండగానే కూలిపోయాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లోకి నూనె రాలేదు. వేయిస్తే గుండెకు చేటు, పచ్చిగా తింటే కడుపుకు చేటు, కొబ్బరిపాలు రక్తనాళాలకు చేటు, ఆవిరి ఒక్కటే మనిషికి మేలు అని ఆయన నమ్మకం. రోజూ పొద్దున్నే ఐదింటికి లేచి ఆనపకాయ తానే తరిగి, ఇడ్లీ పాత్రలో పెట్టి, గడియారం చూస్తూ పన్నెండు నిమిషాలు పొయ్యి దగ్గరే నిలబడతాడు. భార్య కూడా అన్నలాగే పోతుందేమోనని ఆయనకి నిజంగా భయం.

రుచుల నమోదు కార్యాలయంలో గుమాస్తా పేరు పైడిరాజు. నెమ్మదస్తుడు.

"ఏటమ్మా, ఏ పని మీదొచ్చారు?"

"నా నాలుక నా పేరు మీద రాయించుకోవాలండీ. మళ్లీ ఆ సలాడ్ తినాలి."

"రాయించుకోపోతే ముప్పై రోజుల్లో ఆ రుచి రద్దయిపోద్ది. మంచి పనే చేశారు, వేగిరం వచ్చారు," అన్నాడు పైడిరాజు. "కానీ సొంత రుచి ఇదివరకెప్పుడో ఉన్నట్టు రుజువు చూపించాలమ్మా."

ఆయనే మూడు రోజులు పాత రిజిస్టర్లు దులిపాడు. పుట్టిన దగ్గర్నుంచి పెళ్లి దాకా కాత్యాయని పేరుకెదురుగా "తండ్రి రుచి ప్రకారం" అని ఉంది. పెళ్లి దగ్గర్నుంచి "భర్త రుచి ప్రకారం" అని ఉంది. అయితే పెళ్లి రోజు ఉదయం తొమ్మిదీ పదికి తండ్రి పేరు కొట్టేసి, తొమ్మిదీ యాభైకి భర్త పేరు రాశారు. మధ్యలో నలభై నిమిషాలు ఆ నాలుక ఎవరిదీ కాదు.

"ఆ నలభై నిమిషాల్లో ఏటైనా తిన్నారా? బాగా గుర్తు తెచ్చుకోండమ్మా," అన్నాడు పైడిరాజు ఆశగా.

"ఉపవాసమండీ. జీలకర్రా బెల్లం పెట్టారు గానీ, నెత్తి మీద."

పైడిరాజు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఓ చిటికెడు నోట్లో ఏసుకునుంటే పనైపోయేది," అన్నాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చి టార్చిలైటు వేసి నాలుకను పరీక్షించి, గ్రేస్ కుమారి వాంగ్మూలం చదివి, తీర్పు రాశాడు. దరఖాస్తుదారుకు ఇదివరకు నాలుక ఉన్నట్టు ఆధారం లేదు. కనుక ఇది కొత్తగా పుట్టిన నాలుక. పుట్టిన చోటు బీచ్ రోడ్డు, పుట్టిన సమయం గురువారం ఒంటి గంట నలభై. దరఖాస్తుదారు పేరు మీదే నమోదు చేయడమైనది. కాత్యాయని ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది. సంతోషం పట్టలేక పైడిరాజుకి దండం పెట్టింది.

"కిందొక లైనుందమ్మా," అన్నాడు ఆయన, తలెత్తకుండా.

నాలుక వయసు ఎనిమిది రోజులు. మైనరు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా గార్డియన్ భర్త, ఆయన అనుమతించినదే తినవలెను.

జోగారావు పిలవగానే వచ్చి సంతకం పెట్టాడు. బాధ్యత గల మనిషి కనుక ఆ సాయంత్రమే మార్కెట్టుకెళ్లి పచ్చి బొప్పాయి తెచ్చాడు. మిర్చి తీసేశాడు, ఎండు రొయ్యలు తీసేశాడు, బొప్పాయినీ వేరుశనగ గుళ్లనీ ఆవిరి మీద పన్నెండు నిమిషాలు ఉంచి, నిమ్మకాయ మాత్రం ధారాళంగా పిండాడు.

"తిను. పసి నాలుక, కారం తట్టుకోలేదు," అన్నాడు ప్రేమగా. "ఎలా ఉంది?"

కాత్యాయని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇన్నేళ్లుగా ఆయన వంట ఆయన నాలుకతోనే తింది కాబట్టి ఆవిడకి ఎప్పుడూ బాగానే ఉండేది. ఆ వంటని సొంత నాలుకతో తినడం అదే మొదలు. చాలా ఘోరంగా ఉంది. గిన్నెలోంచి లేచిన ఆవిరికి ఆయన కళ్లజోడు మసకబారింది, ఆ అద్దాల వెనక నుంచి ఆయన ఆత్రంగా చూస్తున్నాడు.

"బాగుందండీ," అంది.

మర్నాడు బడి నుంచి తిన్నగా థాయ్ హోటలుకి వెళ్లింది. లోపల రోట్లో దంచుతున్న వాసనకి గుమ్మంలో ఓ క్షణం ఆగి, తర్వాత కౌంటరు దగ్గర, పద్దెనిమిదేళ్ల తర్వాతి తేదీకి ఒకరికి టేబులు కావాలంది. కౌంటరులో అమ్మాయి ఆశ్చర్యపోలేదు. లావుపాటి పుస్తకం ఒకటి తీసి, పేజీలు తిప్పి, "ఆ రోజుకి ఇప్పటికే పదకొండు టేబుళ్లు అయిపోయాయి మేడమ్. కిటికీ పక్కది ఒక్కటుంది. ఇవ్వమంటారా?" అంది. ఇవ్వమంది.

రాత్రి భోజనాల దగ్గర ఆవిడ మనసులో చిన్న కూడిక చేసుకుంది. లెక్కల టీచరు కనుక కాగితం అక్కర్లేకపోయింది.

"ఏమండీ, ఈ ఆవిరి తిండి తింటే మనిషి డెబ్బై రెండేళ్ల దాకా ఉంటాడంటారా?"

"డెబ్బై రెండేమిటే, ఎనభై అయిదు. నాదీ పూచీ!"

ఉప్పు చాలని ఆనపకాయ ముక్కల్ని కాత్యాయని ఒక్కొక్కటే శ్రద్ధగా నమిలి మింగింది. ఆ తర్వాత కంచం ముందుకు జరిపి, ఇంకాస్త వెయ్యమని అడిగింది. జోగారావు మురిసిపోయి పెద్ద గరిటెతో వేశాడు.