చంద్రకాంత రాయికి నాలుగు పరీక్షలు

ఆ శనివారం పెద్దక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా వంట. తొమ్మిదింటికి పెట్టె అడుగు నుంచి అమ్మ దిద్దు తీసి మెత్తటి గుడ్డతో తుడవడం. పన్నెండింటికి బస్టాండుకు వెళ్ళి చెల్లెల్ని తీసుకురావడం. సాయంత్రం అయిదున్నర బస్సుకి చెల్లెలు వెళ్ళిపోతుంది. మధ్యలో ఉన్న అయిదున్నర గంటల్లో ఆరేళ్ళ మాటలు మాట్లాడుకోవాలి.

వీధి మొత్తానికీ ఆవిడ పెద్దక్కే. కూరగాయల బండివాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందరూ అలాగే పిలుస్తారు. నిజంగా అలా పిలవాల్సిన సొంత చెల్లెలు మాత్రం ఆరేళ్ళుగా పిలవలేదు. ఒకరోజు ఫోనులో మాట్లాడుకుంటుండగా లైను తెగిపోయింది. అక్క పెట్టేసిందని చెల్లెలు అనుకుంది. చెల్లెలే పెట్టేసిందని అక్క అనుకుంది. ముందు చేసినవాళ్ళు తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చున్నారు. పంతంలో ఇద్దరిదీ అమ్మ పోలికే.

మొన్న బుధవారం ఫోను మోగింది.

"అక్కా, నేను మా పెద్దపిల్ల దగ్గరికి వెళ్ళిపోతున్నా. ఇల్లు ఖాళీ చేసేశా. చాలా దూరం, మళ్ళీ ఎప్పుడొస్తానో తెలీదు. దార్లో నీ దగ్గర దిగుతా. అమ్మ దిద్దు తీసి ఉంచు, నాదీ తెస్తా. రెండూ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూసుకుని పోతా."

"సరేనే" అని మాత్రం అనగలిగింది పెద్దక్క. అవతల టక్కుమన్న చప్పుడు వినబడేదాకా ఫోను చెవి దగ్గరే పట్టుకుంది. ఈసారి తాను ముందు పెట్టలేదన్న సంగతి తనకైనా రూఢిగా తెలియాలని.

ఆ దిద్దులు చంద్రకాంత రాళ్ళు పొదిగినవి. పోయేముందు అమ్మ చెరొకటి చేతిలో పెట్టింది. చెల్లెలు తనదాన్ని గొలుసుకి కట్టుకుని రోజూ మెడలో వేసుకునేది. పెద్దక్క మాత్రం పోతుందేమోనన్న భయంతో డబ్బాలో పెట్టి, డబ్బాను సంచిలో పెట్టి, సంచిని పాత చీరలో చుట్టి పెట్టె అడుగున దాచింది. ఎంత భద్రంగా దాచిందంటే, ఇరవై ఏళ్ళలో తనే దాన్ని నాలుగుసార్లకు మించి చూడలేదు.

తొమ్మిదింటికి దిద్దు బయటికొచ్చింది. ఎలాంటి గుడ్డతో తుడవాలో చూద్దామని పెద్దక్క తన పుస్తకం తెరిచింది. బడికి వెళ్ళింది అయిదేళ్ళే అయినా, వారపత్రికల్లో పనికొచ్చే సంగతి ఏది కనబడినా కత్తిరించి, మైదా జిగురుతో ఆ పుస్తకంలో అంటించుకోవడం ఆవిడకు అలవాటు. మరకలు, మందులు, మొక్కలు, పిడుగు పడితే ఏం చెయ్యాలన్నది, అన్నీ అందులో ఉన్నాయి. తుడవడం గురించి దొరకలేదు గాని, ఎప్పుడో అంటించిన మరొకటి కనబడింది. "మీ చంద్రకాంత రాయి అసలైనదేనా? నాలుగు పరీక్షలు."

అది చదవకుండా ఉంటే ఈ కథ లేదు.

మొదటి పరీక్ష. అసలైన రాయి చెంపకి ఆనిస్తే చల్లగా ఉంటుంది, గాజు తొందరగా వెచ్చబడుతుంది. పెద్దక్క ఆనించింది. రాయి గోరువెచ్చగా ఉంది. పావుగంటగా దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకున్న సంగతి ఆవిడకు తట్టలేదు. 

రెండో పరీక్ష. రాయిని అటూ ఇటూ వంచితే లోపల నీలం వెలుగు తేలుతూ కదలాలి. వంచింది. ఏ వెలుగూ కదల్లేదు. అది చదివాక, దిద్దుతో పాటు శుభ్రంగా తుడుద్దామని కళ్ళజోడు తీసి పక్కన పెట్టిన సంగతి కూడా ఆవిడకు తట్టలేదు. 

మూడో పరీక్ష గాలి బుడగలది. భూతద్దం తెచ్చుకుని చూస్తే బుడగలు లేవు. కాస్త ఊపిరి పీల్చుకుని అదే భూతద్దంతో నాలుగోది చదివింది. "భూతద్దంలో చూసినప్పుడు లోపల నిచ్చెన మెట్లలాంటి సన్నటి గీతలు కనిపిస్తే" అని ఉంది. అంతే ఉంది. కత్తిరింపు అక్కడితో అయిపోయింది. గీతలు మాత్రం కనిపించాయి. మూడు మెట్లు, కాస్త ఏటవాలుగా. వాక్యం మిగతా సగం పెద్దక్క తనే పూర్తి చేసుకుంది. గీతలు పడింది మంచిదెలా అవుతుంది?

అంటే అమ్మ రాయి పోయింది. ఎవరో మార్చేశారు. ఇంకో మూడు గంటల్లో చెల్లెలు అసలైనదాన్ని తెచ్చి దీని పక్కన పెడుతుంది. "అమ్మ ఇచ్చినదాన్ని కూడా నిలుపుకోలేకపోయావా" అంటుంది. అనకపోతే మరీ ఘోరం. ఏమీ అనకుండా బస్సెక్కుతుంది.

ఇంట్లో అడుగుదామంటే ఎవరూ లేరు. కొడుకు ఊళ్ళో లేడు. కోడలు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది, మూడున్నరకు గాని రాదు.

వీధి చివర దర్జీ కొట్టు మెట్ల కింద రాళ్ళు పొదిగే మేస్త్రి ఉంటాడు. కంటికి ఎప్పుడూ అద్దం బిగించుకుని ఉంటాడు గనక అందరూ భూతద్దం మేస్త్రి అంటారు. పెద్దక్క వెళ్ళి దిద్దు ఆయన ముందు పెట్టింది.

"పదేళ్ళ కిందట ఇది నీ దగ్గర ఒక పూటంతా ఉంది. గుర్తుందా?"

"మర వదులైతే బిగించి ఇచ్చా కదండీ."

"మర బిగించావు సరే. రాయి కూడా మార్చావా అని."

మేస్త్రి చేతిలో పట్టుకారు ఆగిపోయింది. నలభై ఏళ్ళ పనిలో ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. దిద్దు అందుకుని చూశాడు. "ఇది అసలైన రాయి పెద్దక్కగారూ. ఇంత మంచిది ఇప్పుడు బజారంతా గాలించినా దొరకదు."

"లోపల గీతలున్నాయి."

"గీతలున్నాయి గనకే..."

"ఆగు నాయనా, ఇంకేం చెప్పకు. నువ్వు చెబితే నేను నమ్మేస్తా. నాకు తొందరగా నమ్మే జబ్బుంది."

అక్కణ్ణుంచి ఆటో ఎక్కి పెద్ద నగల దుకాణానికి వెళ్ళింది. రాళ్ళ దగ్గరున్న అమ్మాయి ఓపికగా రెండు పళ్ళాలు ముందు పెట్టింది. పెద్దక్క ఒక్కో రాయినీ తీసి చెంపకి ఆనించుకోవడం మొదలుపెట్టింది. ఏసీ చలికి దుకాణంలో అన్నీ చల్లగానే ఉన్నాయి. రాళ్ళూ, పళ్ళాలూ, ఆ అమ్మాయి చేతివేళ్ళూ కూడా. అనుమానం తీరక బల్ల మీది గాజు పలకకి కూడా చెంప ఆనించి చూసింది. అదీ చల్లగానే ఉంది. పక్కన నిలబడ్డ ఒకాయన "ఒంట్లో బాలేదా అమ్మా, నీళ్ళు తెప్పించనా" అన్నాడు.

మొదటి పళ్ళెంలో రాళ్ళు పాలనురుగు రంగులో, లోపల సన్నటి గీతలతో ఉన్నాయి. రెండోదాంట్లోవి ఎటు తిప్పినా నీలంగా ధగధగలాడుతున్నాయి. లోపల ఒక్క గీత లేదు.

"ఇవివ్వు తల్లీ" అంది రెండో పళ్ళెం చూపించి.

"అవి గాజువి ఆంటీ. నాటకాల నగలకి తీసుకెళ్తారు. అసలైనవి ఇవీ."

"అంటే మంచివి నాటకాలవాళ్ళకిచ్చి పగిలినవి నాకిస్తావన్నమాట."

"గాజని నేనే చెబుతున్నా కదా ఆంటీ. బిల్లు మీద కూడా గాజనే రాసిస్తా."

"ఏమైనా రాసుకో. నాకు మాత్రం అవే కావాలి."

పెద్దక్క అనుభవంలో తన సరుకుని తానే తక్కువ చేసి చెప్పిన దుకాణదారు లేడు. ఎవరికోసమో దాచిపెడితే తప్ప ఎవరూ అలా మాట్లాడరు. ఆ రాళ్ళు జతగానే అమ్ముతారట. రెండూ తీసుకుంది.

మేస్త్రి ఆ జతను వెలుతురుకి తిప్పి చూశాడు. "ఈ గాజుముక్క పెట్టడానికి ఆ రాయి తీసెయ్యమంటారా" అన్నాడు.

"నీకు గాజేదో రాయేదో తెలిస్తే మనకీ గొడవెందుకు? తియ్యి."

తీశాడు. బిగించాడు. "పాత రాయి ఏం చెయ్యను?"

"పారెయ్" అని పెద్దక్క బస్టాండు వైపు దాదాపు పరిగెత్తింది.

బస్సు దిగిన చెల్లెలు సగానికి సగమైపోయి ఉంది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. తర్వాత చెల్లెలు "నువ్వే పెట్టేశావు ఫోను" అంది. "నువ్వే పెట్టేశావు" అంది పెద్దక్క. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలో పెద్దక్క కళ్ళు చెల్లెలి మెడ మీద పడ్డాయి. నవ్వు అక్కడే గడ్డకట్టింది.

గొలుసుకి వేలాడుతున్న రాయి పాలిపోయి ఉంది. దగ్గరగా వంగి చూస్తే లోపల మెట్లు. మూడు.

పాపం, దీన్నీ మోసం చేశారు. ఇన్నేళ్ళుగా నకిలీ రాయిని అమ్మ రాయనుకుని గుండెల మీద మోస్తోంది. చెప్పాలా? వెళ్ళిపోయే మనిషి మనసు కష్టపెట్టి పంపడమెందుకు? అన్నం వడ్డిస్తూ ఆలోచించింది, వక్కపొడి చేతికిస్తూ ఆలోచించింది. "ఒక్క కునుకు తీస్తానే, రాత్రంతా నిద్ర లేదు. లేచాక రెండూ పెట్టి చూసుకుందాం" అని చెల్లెలు గొలుసు తీసి దిండు పక్కన పెట్టి పడుకుంది. జతలో రెండో రాయి పెద్దక్క కొంగుముడిలోనే ఉంది.

"ఇది కూడానా?" అన్నాడు మేస్త్రి.

"ఇది కూడా నకిలీయే."

"ఇది కూడా అసలైనదే అండీ."

"నీకు అన్నీ అసలైనవే. నీ బతుకు సుఖం."

ఆయన ఆ రాయినీ తీశాడు. తీసినదాన్ని కాగితంలో పడేసి, గాజుముక్క బిగించి ఇచ్చాడు. పెద్దక్క వచ్చేసరికి చెల్లెలు ఇంకా నిద్రలోనే ఉంది. మూడున్నరకు లేచింది. అప్పుడే కోడలు కూడా వచ్చి చెప్పులు విప్పుతోంది. పెద్దక్క రెండు దిద్దులూ అరచేతిలో పక్కపక్కన పెట్టి చాపింది. రెండూ ఒకేలా ధగధగలాడాయి.

చెల్లెలు ఒకసారి చూసింది. కళ్ళు నులుముకుని ఇంకోసారి చూసింది.

"నా రాయేదక్కా?"

"ఇదేనే."

"ఇందులో మెట్లు లేవు. నా రాయిలో మూడు మెట్లుంటాయి. ఆరేళ్ళు నీతో మాట్లాడని రోజుల్లో రోజూ పొద్దున్నే వాటినే చూసుకున్నా. కళ్ళు మూసుకుని గీసి చూపిస్తా. ఇది నాది కాదు."

పెద్దక్క ఇక దాచలేకపోయింది. రాళ్ళు రెండూ నకిలీవని, చెల్లెలికి తెలియకుండా మంచివి వేయించానని, బాధపడొద్దని చెప్పింది. చెల్లెలు గోడ పట్టుకుంది.

"అమ్మ ఆ రెండూ ఒకే రాయి కోయించి చేయించిందక్కా. నీదాంట్లో మొదలైన గీత నాదాంట్లో పూర్తవుతుందనేది. నీకెప్పుడూ చెప్పలేదా? నువ్వెప్పుడూ అడగలేదా?"

"పుస్తకంలో ఉంది" అంది పెద్దక్క. 

కోడలు పుస్తకం అందుకుంది. అలవాటైన చేతితో ఆ కత్తిరింపుని వెలుతురుకి ఎత్తి చూసింది. "అత్తయ్యా, దీని వెనకవైపు కూడా అచ్చుంది. మీరు దాన్ని లోపలికి పెట్టి అంటించేశారు." తడిగుడ్డ అద్ది, మెల్లగా ఊడదీసి, తిప్పి చదివింది. "అది అసలైన రాయికి తిరుగులేని గుర్తు. ఆ గీతలు గాజులో ఎన్నటికీ రావు."



తర్వాత ముగ్గురూ వీధిలో పరిగెత్తారు. మెట్ల కింద మేస్త్రి లేడు. ఆయన కూర్చునే చోటు ఊడ్చేసి ఉంది. దర్జీ సూది నోట్లోంచి తీసి, "ఇందాకే చెత్తబండి వచ్చింది, అంతా ఎత్తుకెళ్ళింది. ఏమైనా పోయిందా పెద్దక్కా" అన్నాడు.

పెద్దక్క మెట్టు మీద కూలబడింది. అమ్మ పోయినప్పుడు మిగిలింది అదొక్కటే. ఇప్పుడు అదీ లేదు. ఇంకో గంటలో చెల్లెలు కూడా ఉండదు. ఇన్నాళ్ళూ పంతం వాళ్ళను విడదీసింది, ఈసారి తన ప్రేమ విడదీసింది. చెల్లెలు పక్కన నిలబడి ఒక్క మాటా అనలేదు. పెద్దక్క భయపడింది సరిగ్గా దానికే.

"నన్ను తిట్టవే" అంది.

"తిట్టడానికి నోరు రావట్లేదు. ఉండు."

అప్పుడు భూతద్దం మేస్త్రి టీ తాగి తీరిగ్గా వచ్చాడు. ముగ్గురి మొహాలూ చూశాడు. చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. "పారెయ్యడానికి చెయ్యి రాలేదండీ" అని రాళ్ళు రెండూ నల్లగుడ్డ మీద పక్కపక్కన సర్ది, తన కంటి అద్దం విప్పి పెద్దక్కకు ఇచ్చాడు.

ఇరవై ఏళ్ళలో మొదటిసారి పెద్దక్క ఆ రాయిని నిజంగా చూసింది. ఒకదాంట్లో మూడు మెట్లు అంచు దాకా వచ్చాయి. రెండోదాంట్లో ఆ అంచు దగ్గరే మళ్ళీ మొదలై పైకి వెళ్ళాయి. వాటి మీదుగా నీలం వెలుగు నెమ్మదిగా ఈ రాయిలోంచి ఆ రాయిలోకి జారింది. అద్దం మసకబారితే కొంగుతో తుడిచి చెల్లెలికి ఇచ్చింది.

"ఎంతసేపు, అరగంట పని" అన్నాడు మేస్త్రి. "గాజువి తీసేసి వీటిని బిగించేస్తా. అయిదున్నర బస్సు హాయిగా అందుతుంది."

 అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆయనకేసి ఏదో అపకారం చేసినవాణ్ణి చూసినట్టు చూశారు.

చెల్లెలు ఇంకోసారి అద్దం కంటికి పెట్టుకుంది. చాలాసేపు వంగి చూసింది. "రెండూ ఒకే పొట్లంలో కలిపేశావు కదయ్యా. ఇప్పుడు వీటిల్లో నాదేదో, అక్కదేదో ఎలా తెలుస్తుంది?"

కళ్ళు మూసుకుని గీసి చూపిస్తానన్నారు కదా అని కోడలు నోరు తెరవబోయింది. పెద్దక్క ఆమె కాలు తొక్కింది.

"ఏది ఎవరిదైతే ఏమిటండీ, రెండూ ఒక రాయే కదా" అన్నాడు మేస్త్రి.

"అలా ఎలా కుదురుతుంది?" అంది చెల్లెలు. "అమ్మ చేత్తో ఇచ్చింది. ఏది ఎవరిదో తేలేదాకా నేను కదలను."

"అది నిజమే" అంది పెద్దక్క. "తొందరపడి చేసే పని కాదు."

అది తేలడానికి పదకొండు రోజులు పట్టింది.