చెయ్యి తగిలితే దిస్, వేలు చూపితే దట్

తనిఖీ రోజు ఉదయం ఏడింటికి టీచరమ్మ వంటింటి గట్టు మీద గరిటెలు వరసగా పేర్చి, అత్తగారి చేత చివరిసారిగా పాఠం అప్పజెప్పించుకుంటోంది.

"అత్తయ్యా, ఇదీ?"

"దిస్ ఈజ్ ఎ గరిటె."

"గరిటెకి ఇంగ్లీషు మాట తర్వాత చూసుకుందాం. ఇవీ?"

"దీజ్ ఆర్ గరిటెలు."

"మరి అదిగో, ఆ తలుపు పక్కన ఉన్నదీ?"

అత్తగారు కళ్ళద్దాలు ముక్కు మీదికి తోసుకుని, తలుపు వైపు కాసేపు చూసి, "ఏదో ఉంది," అన్నారు. అక్కడున్నది ఆవిడ గొడుగే.

అసలు ఆ కళ్ళద్దాలే ఆవిణ్ణి ఇంగ్లీషు చదువులోకి దింపాయి. మూడు నెలల కిందట కళ్ళ డాక్టరు దగ్గరికి ఒక్కరే వెళ్ళారు. కొడుకూ కోడలి దగ్గర ఉండటానికి వచ్చిన ఈ పరాయి దేశంలో, ఆ డాక్టరుకి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "దిస్ బెటర్, ఆర్ దట్?" అని అడిగాడు. పెద్దమనిషి అంతగా అడుగుతుంటే కాదనడం బాగుండదని అత్తగారు ప్రతిసారీ "యెస్" అన్నారు. పదకొండు సార్లు. అలా తయారైన జోడుతో మూరెడు దూరం వరకు అన్నీ బ్రహ్మాండంగా కనిపిస్తాయి. ఆ తర్వాత లోకమంతా పొగమంచే. "ఈసారి నేను కూడా వస్తాలెండి," అని కోడలు అంటే ఆవిడకి పౌరుషం వచ్చింది. "నా కళ్ళకి ఏం కనబడుతోందో నేను చెప్పాలి గానీ నువ్వు చెబుతావా?" అని మర్నాడే వెళ్ళి కోడలి క్లాసులో చేరిపోయారు.

ఆ క్లాసు పాత గ్రంథాలయ భవనంలో, రెండో అంతస్తులో. ఆ ఊళ్ళోని తెలుగు పెద్దవాళ్ళకి ఉచితంగా ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే తరగతి అది. మూడు నెలలు నడిపి చూపించమని గది ఇచ్చారు. అత్తగారు కాక ఎనిమిది మంది. వాళ్ళలో స్కూలు బస్సు నడిపే బాబాయ్ ఒకడు, ఆస్పత్రి వంటశాలలో పనిచేసే వంటక్క ఒకతె. మూడు నెలలూ నిండాయి. అధికారి వచ్చి చూస్తారనీ, విద్యార్థులు మాట్లాడగలిగితే ఇంకో ఏడాది పొడిగిస్తారనీ, లేకపోతే గది ఖాళీ చెయ్యాలనీ ఉత్తరం వచ్చింది. వచ్చేది ఆయనో ఆవిడో కూడా అందులో లేదు.

టీచరమ్మ బెంగంతా ఆ నాలుగు మాటల మీదే. ఇది, అది, ఇవి, అవి అని పుట్టినప్పట్నుంచీ తడుముకోకుండా అంటున్నవాళ్ళే, ఇంగ్లీషులోకి వచ్చేసరికి నాలుగింటినీ కలిపి ముద్ద చేసేవారు. చివరికి ఆమే ఒక సూత్రం కనిపెట్టింది. చెయ్యి తగిలితే దిస్, వేలు చూపితే దట్. ఒకటి దాటితే దీజ్, దోజ్. అంతే. ఆ వారం నుంచి క్లాసులో అందరూ దేన్ని చూసినా ముందు వెళ్ళి చెయ్యి వేసేవారు.

"అత్తయ్యా, ఒక్క మాట," అంది టీచరమ్మ గరిటెలు సర్దుతూ. "ఆఫీసరు గారు ఏది చూపించినా ధైర్యంగా చెప్పెయ్యండి. తప్పయినా ఫర్వాలేదు. మూగనోము పట్టినట్టు కూర్చోకండి. ఎంత గట్టిగా చెబితే అంత మంచిది. మిగతావాళ్ళకీ చెప్పండి."

"నాకు వదిలెయ్ అమ్మాయ్," అన్నారు అత్తగారు.

పదింటికి తనిఖీ. తొమ్మిదిన్నరకి టీచరమ్మ ప్రశ్నపత్రాలు నకళ్ళు తీయించడానికి కింద ఆఫీసులోకి వెళ్ళింది. ఆ యంత్రం మొదటి కాగితాన్ని నమిలి మింగేసి, రెండోదాన్ని సగం కక్కి ఆగిపోయింది. ఆమె దాని కడుపులో చెయ్యి పెట్టి కాగితాలు లాగుతూ ఉండగా, వెనక మెట్ల మీదుగా ఒకాయన రెండో అంతస్తుకి ఎక్కాడు.

ఆయన సామాన్లు తరలించే కంపెనీలో మేస్త్రీ. "రెండో అంతస్తు, చివరి గదిలో ఉన్న పాడైపోయిన సామాను గోదాముకి చేర్చాలి," అని ఆయనకి ఉత్తర్వు. ముందు మెట్లు ఎక్కి వస్తే చివరి గది నిజంగానే విరిగిన బీరువాల గది. వెనక మెట్లు ఎక్కి వస్తే చివరిది క్లాసు.

ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, చెవి మీద పెన్సిలు, అట్టకి బిగించిన కాగితాలు, జేబు మీద బ్యాడ్జి. ఆ బ్యాడ్జి మీద లారీ బొమ్మ ఉంది గానీ, ముందు వరసలో కూర్చున్న అత్తగారికి అది ఏదో ప్రభుత్వ ముద్రలా కనిపించింది. "వచ్చారు! లేవండి!" అన్నారు. తొమ్మిది మందీ లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్ సార్!" అని కిటికీ అద్దాలు అదిరేలా అరిచారు.

మేస్త్రీ ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఇంత మర్యాద ఎక్కడా చూడలేదు. తడబడి, గుమ్మం మీద చెయ్యి వేసి, "దిస్ రూమ్?" అని అడిగాడు.

"యెస్! దిస్ రూమ్!" అన్నారు అందరూ.

ఆయన టిక్కు పెట్టుకున్నాడు. వెనకున్న ఇద్దరు మనుషులకి సైగ చేసి, కుర్చీల వరస చూపించి, "దీజ్?" అన్నాడు.

బాబాయ్ గబగబా వెళ్ళి ఒక కుర్చీ మీద చెయ్యి వేశాడు. "యెస్ సార్. దీజ్ ఆర్ చైర్స్!"

ఇంకో టిక్కు. మేస్త్రీ నల్లబల్ల వైపు చూశాడు. వంటక్క వేలు చాచి, "దట్ ఈజ్ ఎ బోర్డ్!" అంది. ఇంకో టిక్కు. గోడ గడియారం, ప్రపంచ పటం, టేబులు, దాని మీద టీచరమ్మ చేతి సంచీ, అన్నిటికీ టిక్కే. మార్కులు అలా కురుస్తుంటే తొమ్మిది మంది మొహాలూ వెలిగిపోయాయి. మనుషులు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బయటికి మోయడం మొదలుపెట్టారు.

"కుర్చీలెందుకు తీసేస్తున్నారు పిన్నిగారూ?" అని వంటక్క రహస్యంగా అడిగింది.

"రాత పరీక్ష ఉందేమో. చూసి రాయకుండా దూరం దూరంగా నిలబెడతారు," అన్నారు అత్తగారు.

అది విని బాబాయ్, తన చురుకుదనం కూడా చూపించాలని, టేబులు రెండో కొస పట్టుకుని మెట్ల దాకా సాయం చేశాడు. చివరికి ఒక్క కుర్చీ మిగిలింది. హడావిడిలో అలిసిపోయి దాని మీద అత్తగారే కూర్చున్నారు. మేస్త్రీ కాస్త మొహమాటపడుతూ, "దట్?" అన్నాడు.

అత్తగారు లేచి, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, తల అడ్డంగా ఊపారు. "నో. దిస్."

"సారీ. దిస్," అన్నాడు మేస్త్రీ.

ఆఫీసరు తప్పునే దిద్దేశారని క్లాసంతా ఆవిడ వైపు కళ్ళప్పగించి చూసింది. మేస్త్రీ సంతకం అడిగితే, ఆవిడ కొత్తగా నేర్చుకున్న ఇంగ్లీషు సంతకం గీతలు తడబడకుండా పెట్టారు. ఆయన ఒక కాగితం చింపి ఆవిడ చేతికిచ్చి, వంగి దణ్ణం పెట్టినంత పని చేసి వెళ్ళిపోయాడు.

మూడు నిమిషాల తర్వాత టీచరమ్మ చేతులకి సిరాతో, ఒకే ఒక్క నకలుతో పైకి వచ్చింది. గదిలో గోడలు నాలుగున్నాయి. మధ్యలో తొమ్మిది మంది నిలబడి నవ్వుతున్నారు.

"పరీక్ష అయిపోయిందమ్మాయ్!" అన్నారు అత్తగారు. "అన్నిటికీ టిక్కే. ఒక్క ఇంటూ లేదు. ఇదుగో, సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు."

టీచరమ్మ కాగితం చదివింది. "అత్తయ్యా, ఇది సర్టిఫికెట్టు కాదు. మన సామానంతా పనికిరాదనీ, పట్టుకెళ్ళి గోదాములో పడెయ్యమనీ మీరు రాసిచ్చిన రశీదు!"

"గట్టిగా చెప్పమన్నావుగా," అన్నారు అత్తగారు సన్నగా.

తర్వాత పదిమందీ వెనక మెట్ల మీద నుంచి ఎలా దిగారో వాళ్ళకే తెలియదు. లారీ ఇంకా కదల్లేదు. ఇంజను మాత్రం గురగురమంటోంది. పక్కన చేతిలో ఫైలు పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. ఆవిడే కంపెనీ తాలూకు పెద్ద అనుకుని టీచరమ్మ ఇంగ్లీషులో విరుచుకుపడింది. ఇది పాత సామాను కాదనీ, పదింటికి అధికారి వచ్చేస్తారనీ, కుర్చీ లేని క్లాసు చూస్తే మూసేస్తారనీ చెప్పింది. ఆవిడ, "నేను..." అని ఏదో మొదలుపెట్టింది.

"మీరు తర్వాత చెబుదురు గాని, ముందు ఇది పట్టుకోండి!" అని టీచరమ్మ లారీ అంచున వేలాడుతున్న ప్రపంచ పటాన్ని లాగి ఆవిడ చేతుల్లో పెట్టింది. అత్తగారి వైపు తిరిగి తెలుగులో, "చూశారా అత్తయ్యా, ఈవిడకి చీమ కుట్టినట్టయినా లేదు. కుర్చీలెత్తుకుపోయే మొహం కాదూ!" అంది.

మేస్త్రీ మంచివాడే. పొరపాటు అర్థమయ్యాక నెత్తి కొట్టుకున్నాడు. అయితే లారీలో పొద్దున్నే వేరే రెండు చోట్ల నుంచి ఎక్కించిన సామాను కూడా ఉంది. ఏవి ఎవరివో ఆయనకి తెలియదు. "ఒక్కొక్కటీ చూపిస్తాను. మీదైతే చెప్పండి, దించుతాను," అని లారీ ఎక్కి, ఒక గోధుమరంగు కుర్చీ పైకెత్తాడు. అది వీళ్ళదే.

"దిస్?"

కుర్చీ లారీ మీద ఉంది. చెయ్యి తగలదు. వేలు మాత్రమే చూపించాలి. కాబట్టి బాబాయ్ సూత్రం తప్పకుండా, "నో! దట్!" అని అరిచాడు.

మేస్త్రీ ఆ కుర్చీ పక్కన పడేసి, దాని వెనకున్న తుప్పు పట్టిన బీరువా దించాడు. "దిస్?" అని ఇంకో కుర్చీ ఎత్తాడు. "నో! దట్! దట్!" అన్నారు అందరూ. ఒక విరిగిన మంచం దిగింది. పది నిమిషాల్లో రోడ్డు మీద ఎవరివో తెలియని బీరువాలూ, కాలు లేని బల్లలూ, ఒక స్నానాల తొట్టీ పేరుకుపోయాయి. వెనక కార్ల వాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. కుర్చీ మాత్రం ఒక్కటీ దిగలేదు. టీచరమ్మ ఏదో చెప్పబోయింది గానీ ఆ హారన్లలో ఆమె గొంతు ఎవరికీ వినిపించలేదు. స్నానాల తొట్టి అంచు మీద కూలబడి తల పట్టుకుంది.

ఆ గోల మధ్యలో అత్తగారు మాత్రం కదలకుండా నిలబడి ఆలోచిస్తున్నారు. ఆయన ఎత్తి చూపించి దిస్ అంటున్నాడు. మనం కింద నుంచి దట్ అంటున్నాం. వస్తువు ఒకటే.

"ఒరే బాబాయ్, ఆగు!" అన్నారు. "తప్పు ఆయనదీ కాదు, మనదీ కాదు. ఆయన దగ్గర నిలబడ్డాడు, మనం దూరం నిలబడ్డాం. ఆయన దిస్సే మన దట్టు!" అని కొంగు నడుముకి దోపి, లారీ చక్రం మీద కాలు పెట్టారు. "పట్టుకోండి, నేనే ఎక్కుతాను."

"అత్తయ్యా, మీకు మోకాళ్ళ నొప్పి!"

"నొప్పి సంగతి తర్వాత. ముందు నెట్టు!"

వంటక్క ఒక పక్క, ఫైలు చంకలో పెట్టుకుని ఆ కొత్తావిడ ఇంకో పక్క పట్టి నెట్టారు. అత్తగారు లారీ మీద మేస్త్రీ పక్కన తేలారు. మూరెడు దూరంలో అన్నీ బ్రహ్మాండంగా కనబడుతున్నాయి. ప్రతి కుర్చీ మీదా చెయ్యి వేసి, తడిమి, తీర్పు చెప్పారు. "దిస్, యెస్. దిస్, నో. దీజ్, యెస్, యెస్." కిందికి వంగి, "దట్ బీరువా, నో! దోజ్ బల్లలు, నో! బ్యాక్, బ్యాక్!" అని రోడ్డు మీద వాటిని వేలితో వెనక్కి పంపించారు. కింద నుంచి బాబాయ్ గడియారం చూపించి, "దట్ ఈజ్ అవర్ క్లాక్!" అని అరిస్తే, ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, "యెస్, దిస్ ఈజ్ అవర్ క్లాక్!" అని బదులిచ్చారు. ఇద్దరూ కరెక్టే. మేస్త్రీ చెమట తుడుచుకుంటూ, ఆవిడ చెప్పినవి చెప్పినట్టు దించాడు, ఎక్కించాడు.

పావుగంటలో అంతా అయిపోయింది. కుర్చీలు, బల్ల, బోర్డు, చేతి సంచీ అన్నీ రోడ్డు పక్క గట్టు మీదికి చేరాయి. కానీ గడియారం పదిన్నర చూపిస్తోంది. టీచరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆఫీసరు గారు వచ్చి, ఎవరూ లేరని వెళ్ళిపోయుంటారు," అంది తెలుగులో, ఎవరితోనో తెలియకుండా.

"వెళ్ళలేదమ్మా," అంది ఫైలావిడ, అంతే చక్కటి తెలుగులో. ప్రపంచ పటాన్ని జాగ్రత్తగా చుట్టి ఆమెకి అందించింది. "ఆ కుర్చీలెత్తుకుపోయే మొహం నాదే."

టీచరమ్మకి భూమి ఏ మాత్రం సహకరించినా లోపలికి వెళ్ళిపోయేది. అత్తగారే లారీ మీద నుంచి చేతులు జోడించి, "తప్పంతా నాదండీ. దాన్నేమీ అనకండి. మూడు నెలలు మా నోళ్ళతో యుద్ధం చేసింది పాపం," అన్నారు.

ఆవిడ నవ్వేసింది. "పదిహేనేళ్ళుగా క్లాసులు చూస్తున్నాను పెద్దమ్మా. ఎక్కడికెళ్ళినా పెన్ను పట్టుకుని దిస్ ఈజ్ ఎ పెన్ అంటారు. పెన్నని నాకూ కనబడుతూనే ఉంటుంది. ఇవాళ మీరు సరిగ్గా చెప్పకపోతే నిజంగానే ఒక టేబులు పోయేది. మాట్లాడటం అంటే అదీ."

అక్కడే, దించిపెట్టిన కుర్చీల్లో ఒకదాని మీద రోడ్డు పక్కన కూర్చుని, ఆవిడ ఫైలు తెరిచి నివేదిక పూర్తి చేసింది. ఏడాది పొడిగింపు అని రాసిన వాక్యాన్ని టీచరమ్మ రెండుసార్లు చదువుకుంది. ఆ తర్వాతే ఆమె చూపు కింది గడి మీద పడింది. "తరగతిలో వాడిన బోధనోపకరణాలు" అన్నచోట, గుండ్రటి అక్షరాలతో, "లారీ, ఒకటి" అని రాసి ఉంది.