సీలు వేసిన టమోటా

ఇకమీదట మదనపల్లె ఆడపిల్లల హాస్టలుకు కూరగాయలు చిన్న రైతుల దగ్గరే కొనాలని 1983లో నిర్ణయం జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పేదలు పండించాలి, పేదపిల్లలు తినాలి, మధ్యలో ఎవరూ తినకూడదు. ఇంత మంచి ఆలోచన ఎవరికి వచ్చిందో విచారణ జరుగుతోంది.

కురబలకోట మారెమ్మకు అరెకరం టమోటా తోట ఉంది. కూతురు కౌసల్య ఆ హాస్టల్లోనే చదువుతోంది. బిడ్డ కంచంలో తన తోట కాయ పడుతుందని పొంగిపోయి, ఏరి ఏరి ఒక పండును నమూనాగా పట్టుకొచ్చింది. కొనుగోలు కమిటీ అధ్యక్షులు రామచంద్రగారు దాన్ని గుడ్డలో కట్టించి, లక్కతో సీలు వేయించి, బీరువాలో పెట్టి తాళం వేశారు. దుప్పట్లు కొనేటప్పుడు అలాగే చేస్తారు. టమోటాకు మాత్రం అన్యాయం చేయడమెందుకు?

ఆ సందర్భంగా ఆయన ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా, నమూనాకు వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోము. నాణ్యత దగ్గర మాకు మనవాడూ లేడు, పరాయివాడూ లేడు." అందరూ చప్పట్లు కొట్టారు. మారెమ్మ కూడా కొట్టింది, పాపం.

మంజూరు వచ్చేసరికి నెల తిరిగింది. మారెమ్మ పొద్దున్నే కోసిన కాయలను బస్సు మీద వేసుకొచ్చింది. కమిటీ కూర్చుని సీలు విప్పింది, ముక్కులు మూసుకుంది. నమూనా నల్లగా, మెత్తగా, బూజు పట్టి ఉంది. గంపల్లోవి ఎర్రగా, గట్టిగా ఉన్నాయి. పోలికే లేదు.

"చూపించింది ఒకటి, తెచ్చింది ఒకటి. మోసం చేస్తాండావమ్మా," అన్నారు రామచంద్రగారు.

"ఈ పొద్దు కోసిన కాయలు సామీ. అది బీరువాలో ఉండి మురిగిపోయుండాది. నా బిడ్డ తినేదానికి మురిగింది తెస్తానా?"

"బీరువాను తప్పు పడతాండావే. అది సర్కారు బీరువా."

గంపలు తిప్పి పంపారు. పాత కాంట్రాక్టరు చెంగల్రాయుడు, ఈ మధ్యే చిన్న రైతు అయినవాడు, మార్కెట్టులో పారబోసిన కాయలు ఏరించి తెచ్చాడు. నమూనా పక్కన పెడితే కవలపిల్లలే. కమిటీ శాలువా కప్పింది. ఆ పూట పులుసు పక్కకు నెట్టి ఉత్త సంగటి తిన్న కౌసల్యను తిండి విలువ తెలియదని వార్డెనమ్మ మందలించింది.

మారెమ్మ సాయంత్రం బస్టాండు దగ్గర గంపలు దించి, జనం అడిగిన ధరకే అమ్ముకుంది. చుట్టూ మూగిన మనమంతా సంగతి విని, అయ్యో ఎంత అన్యాయం అన్నాం. అంటూనే ఇంకో రెండు కాయలు కొసరు వేయించుకున్నాం. మా ఇంట్లో పులుసు బాగా కుదిరింది. మీ ఇంట్లో ఎలా కుదిరిందో మీరే చెప్పాలి.